మామిడి పిందె అచ్చు: ఒకే అచ్చుతో దుప్పటి, ఉత్తరీయం (ప్రాజెక్టు డైరీ)

ఒకే మామిడి పిందె అచ్చుతో రెండు బట్టలు అద్దడం ఈ పని. ఒకటి మంచం మీద పరిచే నూలు దుప్పటి, రెండవది భుజాన వేసుకునే పలుచని ఉత్తరీయం. పద్ధతి మచిలీపట్నం కలంకారీది: కరక్కాయ, పటిక, తుప్పు నీరు, అలిజరిన్ ఎరుపు. ఇదే పని చేయదలచినవారికి కొలతలూ, పాడైన నమూనాలూ ఎక్కువగా ఉపయోగపడతాయి కనుక వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను. రంగులో వచ్చే చిక్కులు ఏ కలంకారీ పనిలోనైనా వచ్చేవే. పిందెకు మాత్రమే ప్రత్యేకమైన చిక్కులు రెండు: దాని కొన వంపు, దాని చుట్టూ వదలవలసిన ఖాళీ. ఈ ఆకారం చరిత్రలో జరిగిన మార్పులు కూడా దాదాపు ఈ రెండింటి మీదనే జరిగాయి.

మొదటి లెక్క: దుప్పటి గుడ్డ 240 × 270 సెం.మీ., తూకం 970 గ్రా. ఉత్తరీయం గుడ్డ 70 × 210 సెం.మీ., తూకం 110 గ్రా. మొత్తం 1,080 గ్రా.

దశ 1: ఆకారం గీయడం

ఏ కాలపు పిందెను ఎంచుకోవాలన్నది ముందుగా తేల్చుకోవాలి, ఎందుకంటే అన్ని కాలాల పిందెలూ చెక్క అచ్చుకు లొంగవు. 17వ శతాబ్దపు కాశ్మీరు శాలువలలో అసలు పిందె కనిపించదు. అక్కడ ఉన్నది సన్నని కాడ, విడివిడి రేకులు, కొన్నిచోట్ల వేళ్లు కూడా కనిపించే ఒంటరి పూల మొక్క. శాలువ రెండు కొసలలోనూ ఒక్కొక్క వరుసగా, మధ్య మధ్య బాగా ఖాళీ వదిలి, ఆ మొక్కలను నేసేవారు. 18వ శతాబ్దంలో పూలు పెరిగి మొక్క గుత్తిగా మారింది, పైకొన ఒక పక్కకు ఒరిగింది. 1800 ప్రాంతానికి గుత్తి చుట్టూ ఒక గట్టి గీత ఏర్పడి మనం నేడు గుర్తుపట్టే పిందె తయారైంది. 19వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అదే పిందె పొడవుగా సాగి, మెలికలు తిరిగి, ఒకదానిలో ఒకటి దూరి, శాలువ నేలనంతటినీ ఆక్రమించింది.

తొలి మొక్కను అచ్చులో చెక్కాలంటే అర మిల్లీమీటరు గీతలు కావాలి, అవి చెక్కలో నిలవవు. చివరి కాలపు మెలికల పిందెకు పెద్ద పెద్ద అచ్చులు అనేకం కావాలి. అందుచేత 1800 ప్రాంతపు పిందెను ఎంచుకున్నాను: గట్టి అంచు, నిండైన పొట్ట, ఒక్క వంపు.

గీసిన విధానం:

1. 5.5 సెం.మీ. వ్యాసంతో ఒక వృత్తం గీయాలి. ఇది పిందె పొట్ట.
2. వృత్తం అడుగు నుంచి 9 సెం.మీ. ఎత్తున ఒక అడ్డగీత గీయాలి. కొన ఈ గీతను తాకాలి.
3. నడిమి నిలువు గీత నుంచి కొన ఎంత పక్కకు జరగాలో గుర్తు పెట్టాలి.
4. ఒక పక్క గీతను బయటికి ఉబ్బెత్తుగా, రెండవ పక్క గీతను మెడ దగ్గర లోపలికి నొక్కినట్లుగా కలపాలి.

మూడవ మెట్టులోనే అంతా ఉంది. కొనను 0.5 సెం.మీ. మాత్రమే జరిపితే పిందె పోయి సరుగు చెట్టులా నిటారుగా నిలబడింది. 2.5 సెం.మీ. జరిపితే పొట్ట నుంచి కొన విడిపోయి తోకకప్పలా కనిపించింది. 1.6 సెం.మీ. దగ్గర బొమ్మ కుదిరింది. లోపలి నింపుడును ఎంత మార్చినా, పూలు పెట్టినా, చుక్కలు పెట్టినా, ఈ ఒక్క కొలత సరిగా ఉంటే చూసేవారు పిందెనే చూస్తారు. కాశ్మీరు నుంచి ఇరాన్‌లోని యజ్ద్ నగరపు తర్మె నేత వరకూ, అక్కడి నుంచి ఐరోపా వరకూ, ఎవరి పూలను వారు లోపల నింపుకోగలిగారంటే కారణం ఇదేనని నా అభిప్రాయం.

గ్రాఫ్ కాగితం మీద లెక్కించిన పిందె వైశాల్యం 31 చ. సెం.మీ.

దశ 2: అచ్చులు చెక్కడం

రెండు అచ్చులు అవసరమయ్యాయి: నల్ల గీతకు ఒకటి, ఎర్ర నింపుడుకు ఒకటి. బాగా ఎండిన టేకు దిమ్మెలు, ఒక్కొక్కటి 7.5 × 11 × 5 సెం.మీ. చెక్కిన లోతు 8 మి.మీ., గీత మందం 1.5 మి.మీ. పిందె కుడి ఎడమలు ఒకటి కాని ఆకారం కనుక కాగితాన్ని తిరగేసి అతికించాలి, లేకపోతే గుడ్డ మీద వంపు ఎదురు దిక్కుకు పడుతుంది.

గీత అచ్చు మొదటి దిమ్మెలో కొన విరిగిపోయింది. కారణం స్పష్టంగానే కనిపించింది. చెక్క ఈనె (చెక్క పీచు పోయే దిక్కు) నిలువుగా ఉన్నది, పిందె కొన చివరి సెంటీమీటరు దాదాపు అడ్డంగా పోతుంది. ఈనెకు అడ్డంగా ఉన్న 1.5 మి.మీ. గోడ ఉలి దెబ్బకు ఆగదు. రెండవ దిమ్మెలో బొమ్మను 40 డిగ్రీలు వాల్చి అతికించాను. అప్పుడు కొన ఈనెకు అడ్డంగా కాక ఏటవాలుగా నడుస్తుంది, ఏటవాలుగా తెగిన పొట్ట గీత మాత్రం పొడవైనది కాబట్టి తట్టుకుంటుంది. దిమ్మె వాలినా గుడ్డ మీద పిందె నిలువుగా పడేందుకు దిమ్మె వెనుక ఒక బాణం గుర్తు చెక్కాను.

నింపుడు అచ్చుది వేరే సమస్య. పొట్ట మధ్యలో గాలి చిక్కుకొని అక్కడ రంగు అంటక తెల్లని మచ్చ మిగిలింది. దిమ్మె వెనుక దాకా 3 మి.మీ. రంధ్రాలు నాలుగు తొలిచిన తరువాత మచ్చ పోయింది. రెండు అచ్చులనూ నూనెలో నానబెట్టి, తుడిచి, నీడన ఆరబెట్టాను.

చెక్కలో కొన విరగడం ఎలాంటిదో, నేతలో వంపు తీయడం అలాంటిది. మగ్గం మీద వంపు అనేది నిజానికి చిన్న చిన్న మెట్ల వరుస, పోగు సన్నబడినకొద్దీ మెట్టు కంటికి కనపడదు. పష్మీనా పోగుతో కాశ్మీరులో అది సాధ్యపడింది. అక్కడి ‘కానీ’ అనే నేతలో ప్రతి రంగుకూ ఒక చిన్న పుల్ల ఉంటుంది. ఆ రంగు పోగు తన హద్దు వరకే వెళ్లి, పక్క రంగు పోగుతో ముడిపడి, వెనుదిరుగుతుంది. నక్కాష్ (బొమ్మ గీసే పనివాడు) గీసిన బొమ్మను తాలీం అనే గుర్తుల లిపిలోకి మార్చేవారు, నేతగాళ్లు ఆ లిపిని అనుసరించి ఒక్కొక్క వరుసా నేసేవారు. ఒక్క శాలువకు నెలల తరబడి పట్టేది.

18వ శతాబ్దపు రెండవ భాగంలో ఈస్టిండియా కంపెనీ ఓడలలో ఈ శాలువలు బ్రిటన్ చేరాయి. ఆ శతాబ్దం ముగిసేలోపే ఎడిన్‌బరో, నారిచ్ పట్టణాలలో వీటి నకళ్లు నేయడం మొదలైంది. స్కాట్లండ్‌లోని పేస్లీ 1805 ప్రాంతంలో ఆ పనిలోకి దిగి, చివరకు ఇంగ్లీషువారి నోట ఈ బొమ్మకు తన పేరునే తగిలించింది. జకార్డు మగ్గం (చిల్లుల అట్టలతో బొమ్మను నడిపే మగ్గం) అక్కడికి చేరిన తరువాత వేగం మరింత పెరిగింది. అయితే ఆ మగ్గం మీద ప్రతి రంగు పోగూ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పోవాలి, ముందు కనిపించని చోట వెనుక వేలాడాలి. బరువు తగ్గించడానికి ఆ వేలాడే పోగులను కత్తిరించివేసేవారు. పాత శాలువ ఏదైనా చేతికి వస్తే వెనుకకు తిప్పి చూడాలి: కత్తిరించిన పోగుల కుచ్చు కనిపిస్తే అది జకార్డు తరహా నకలు, రంగుల హద్దుల వెంట ముడులు కనిపిస్తే అది ‘కానీ’ నేత.

ఇప్పటిదాకా: టేకు దిమ్మెలు 3, వాటిలో పనికివచ్చినవి 2.

దశ 3: గుడ్డను సిద్ధం చేయడం

1. చాకలి సోడా వేసిన నీటిలో గుడ్డను ఉడకబెట్టి గంజి తీయాలి.
2. ఆరిన తరువాత ఒక నీటి చుక్క వేసి చూడాలి. చుక్క గుడ్డ మీద నిలబడితే మళ్లీ ఉడకబెట్టాలి, వెంటనే ఇంకిపోతే చాలు.
3. కొలతలు మళ్లీ తీసుకోవాలి.
4. గుడ్డ తూకంలో 20 శాతం కరక్కాయ పొడిని (216 గ్రా.) నీటిలో కలిపి, వడగట్టి, గుడ్డను తడిపి, పిండి, ఎండలో పరచాలి.

మూడవ మెట్టును దాటవేస్తే తరువాతి గళ్ల లెక్కంతా తప్పుతుంది. దుప్పటి 234 × 258 సెం.మీ.కు కుంచించుకుపోయింది, ఉత్తరీయం 68 × 198 సెం.మీ.కు వచ్చింది. పలుచని నేత పొడవులో దాదాపు 6 శాతం పోయింది.

శ్రీకాళహస్తి కలం పనిలో కరక్కాయతోపాటు పాలు కూడా పడతాయి, పాలలోని కొవ్వు కలం గీత పాకకుండా ఆపుతుంది. అచ్చు పనిలో ఆ బాధ్యత జిగురుది. ఉత్తరీయపు గుడ్డ ముక్క మీద పాలు పట్టించి చూశాను. గీత కొద్దిగా బాగుపడింది కానీ పలుచని గుడ్డ బిరుసెక్కింది, ఉతికినా వాసన పోలేదు. పాలు మానివేశాను.

దశ 4: నలుపు, పటిక, నమూనాలు

నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుము 500 గ్రా., బెల్లం 150 గ్రా., నీరు 2.5 లీటర్లు మూత పెట్టి సుమారు మూడు వారాలు పులియబెట్టాను. ఈ నీరు చూడటానికి నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలిన తరువాతే, ఇనుము ఆ వగరుతో కలిసి నల్లబడుతుంది. మొదట లేత బూడిద, కొంతసేపటికి నలుపు. కాబట్టి అద్దిన వెంటనే పలుచగా కనిపించిందని రెండవసారి అచ్చు వేయరాదు.

జిగురు పాళ్ల నమూనాలు (గీత అచ్చు అసలు మందం 1.5 మి.మీ.):

లీటరుకు తుమ్మ జిగురు 150 గ్రా.: గుడ్డ మీద గీత 4 మి.మీ.
లీటరుకు 250 గ్రా.: 2.5 నుంచి 3 మి.మీ.
లీటరుకు 350 గ్రా.: 2 మి.మీ.
లీటరుకు 450 గ్రా.: గీత సన్నగానే ఉంది, కానీ ముద్ద చెక్కకే అంటుకొని మధ్య మధ్య తెగింది.

350 గ్రాముల దగ్గర ఆగాను. నలుపు అర లీటరు, పటిక ముద్ద అర లీటరు చాలు కనుక మొత్తం జిగురు 350 గ్రా., పటిక 40 గ్రా. పటిక అద్దిన చోటనే తరువాత అలిజరిన్‌లో ఉడికించినప్పుడు ఎరుపు పట్టుకుంటుంది. అయితే పటికకు రంగు లేదు, కరక్కాయ పసుపు నేల మీద అది ఎక్కడ పడిందో కనపడదు. ఉతికితే పోయే రంగు చిటికెడు కలిపితే కంటికి ఆనవాలు దొరుకుతుంది.

ఎరుపు మొదటి నమూనా ఇటుక రంగులోకి, అదీ మాసినట్లు వచ్చింది. పటిక పాళ్లు పెంచితే మారలేదు. తేడా నీటిలో ఉంది: నమూనాను శుద్ధి యంత్రం నుంచి వచ్చిన నీటిలో ఉడికించాను, అందులో సున్నపు అంశం దాదాపు ఉండదు. అలిజరిన్ ఎరుపు నిండుగా తేలాలంటే పటికతోపాటు కాల్షియం కూడా ఉండాలి. లీటరుకు 1 గ్రాము సుద్ద పొడి కలిపిన రెండవ నమూనాలో ఎరుపు తేటగా వచ్చింది. పూర్వం కోరమండల్ తీరంలో వాడిన చిరివేరులో ఉన్న ప్రధాన రంగు పదార్థం కూడా అలిజరినే. దానిని 1868లో జర్మనీలో గ్రేబె, లీబెర్మన్ అనే రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు.

ఇప్పటిదాకా: కరక్కాయ 216 గ్రా., జిగురు 350 గ్రా., పటిక 40 గ్రా., బెల్లం 150 గ్రా. (పాడైన నమూనాలకు పోయినవి ఇందులో కలపలేదు.)

దశ 5: గళ్ల లెక్క

దుప్పటి మీద ఎన్ని పిందెలు, ఎంత దూరంలో, ఏ దిక్కుకు అన్నది ఈ పని మొత్తంలో ఎక్కువ సమయం తీసుకున్న భాగం. కాగితం పిందెలు కత్తిరించి గుడ్డ మీద పరచి చూశాను.

మొదట పిందెలను 7 సెం.మీ. దూరాన దట్టంగా పేర్చితే, దగ్గరగా చూసినప్పుడు నిండుగా ఉన్నా, నాలుగు అడుగులు వెనక్కు వేసేసరికి పిందెలు పోయి ఎర్రని గజిబిజి మిగిలింది. 19వ శతాబ్దపు పేస్లీ శాలువలు దట్టంగా ఉండి కూడా నిలబడ్డాయంటే, వాటిలో ఒక్కొక్క పిందె ఒక్కొక్క పరిమాణంలో ఉంటుంది, పెద్ద మెలికలు కంటిని నడిపిస్తాయి. ఒకే కొలత అచ్చుతో ఆ పని జరగదు. ఖాళీ పెంచడమే మార్గం.

చివరి లెక్క:

1. నిలువు వరుసల మధ్య దూరం 13 సెం.మీ. వరుసలు 16, వెడల్పు 208 సెం.మీ., ఇరుపక్కల అంచు 13 సెం.మీ.
2. ఒక వరుసలో పిందెకూ పిందెకూ 18 సెం.మీ.
3. ఒక వరుస విడిచి ఒక వరుసను 9 సెం.మీ. కిందికి జరపాలి. అందువల్ల 8 వరుసలలో 13 చొప్పున, 8 వరుసలలో 12 చొప్పున, మొత్తం 200 పిందెలు.
4. పిందెలు కప్పే చోటు 200 × 31 = 6,200 చ. సెం.మీ., అంటే దుప్పటిలో సుమారు పదోవంతు.

ఇక దిక్కు. అన్ని కొనలూ తల వైపుకే పెడితే, మంచం కాళ్ల వైపు నుంచి చూసేవారికి బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. చీర పమిటకో, తెరకో ఈ బాధ లేదు, వాటికి పైనా కిందా నిర్ణయమై ఉంటాయి. దుప్పటికి ఉండదు. కాబట్టి జరిపిన 8 వరుసలలో పిందెలను పూర్తిగా తిప్పి, కొనలను కాళ్ల వైపుకు పెట్టాను.

అలా తిప్పగానే కొత్త లోపం బయటపడింది. గళ్లు సరిగ్గా కొలిచినా, దుప్పటి మీద అడ్డంగా చిక్కని పట్టీలు, పలుచని పట్టీలు ఒకదాని తరువాత ఒకటి కనిపించాయి. పిందె బరువంతా పొట్టలో ఉంది, అచ్చు మధ్యలో లేదు. తిప్పినప్పుడు పొట్ట పైకి పోతుంది, పక్క వరుసలోని పొట్టలకు ఒక వైపు దగ్గరై మరొక వైపు దూరమవుతుంది. ఎంత జరపాలో తెలుసుకోవడానికి అట్టతో పిందె కత్తిరించి, అంచున ఒక గుండుసూదితో వేలాడదీసి, సూది నుంచి దారానికి బరువు కట్టి, దారం వెంట గీత గీశాను. మరొక చోట నుంచి వేలాడదీసి రెండవ గీత గీస్తే, రెండూ కలిసిన చోటు గరిమనాభి. అది పిందె సగం ఎత్తుకు 0.7 సెం.మీ. కింద తేలింది. తిప్పిన పిందెలో అంతే పైకి పోతుంది కనుక మొత్తం తేడా 1.4 సెం.మీ. పొట్టల మధ్య దూరం 9కి బదులు ఒకచోట 7.6, మరొకచోట 10.4 సెం.మీ. అవుతోందన్నమాట. తిప్పిన వరుసలను మరో 1.4 సెం.మీ. కిందికి దింపితే పట్టీలు మాయమయ్యాయి. ఈ డైరీలో ఒక్క విషయమే తీసుకోదలచినవారు దీనిని తీసుకోవచ్చు: పిందెను అచ్చు అంచులతో కాక గరిమనాభితో కొలవాలి.

ఉత్తరీయానికి ఇంత లెక్క లేదు. పాత కాశ్మీరు పద్ధతిలో రెండు కొసలలో ఒక్కొక్క వరుస, 8.5 సెం.మీ. దూరాన 8 చొప్పున, మొత్తం 16 పిందెలు, మధ్యభాగమంతా ఖాళీ. పిందెల అడుగు కుచ్చుల వైపు ఉండాలి, అప్పుడు రెండు భుజాల నుంచి కొసలు వేలాడినా రెండు వైపులా నిటారుగా కనిపిస్తాయి.

ఇప్పటిదాకా: పిందెలు 216, వేయవలసిన అచ్చు దెబ్బలు 432.

దశ 6: అద్దకం

బల్ల మీద దళసరి కంబళి మడతలు, వాటిపైన తడి గోనె, ఆపైన ఒక పాత గుడ్డ. రంగు పళ్లెంలో వెదురు తడిక, దానిపైన ఉన్ని గుడ్డ. అచ్చును ఉన్ని మీద రెండుసార్లు సున్నితంగా తాటించి, గుడ్డ మీద పెట్టి, అరచేతి మడమతో ఒక్క దెబ్బ. గళ్లకు సుద్ద పూసిన దారం లాగి కొట్టాను.

ముందు నల్ల గీతలన్నీ, అవి ఆరిన తరువాత పటిక నింపుడు. ఆరంభంలో వేసిన పిందెలలో ముద్ద ఎక్కువై గీత లోపలి మూలలు పూడుకుపోయాయి. ఉన్ని గుడ్డ తాజాగా తడిసినప్పుడు అలా జరుగుతుంది కనుక, ముద్ద పోసిన ప్రతిసారీ ముందు రద్దు గుడ్డ మీద కొన్ని దెబ్బలు వేసి ఆపై అసలు గుడ్డకు రావడం అలవాటు చేసుకున్నాను. నింపుడు అచ్చును గీత కంటే చుట్టూరా 0.5 మి.మీ. చిన్నదిగా గీకడం మరొక మార్పు. లేకపోతే ఎరుపు నల్ల గీతను దాటి బయటికి తొంగిచూస్తుంది.

పటిక అద్దిన గుడ్డను మూడు రోజులు కదపకుండా వదిలాను.

దశ 7: కడగడం, ఉడికించడం

పారే నీటిలో కడగాలని కలంకారీ పనివారు ఎందుకు పట్టుబడతారో ఉత్తరీయం నమూనా చెప్పింది. బక్కెట్లో ముంచి కడిగిన ముక్కలో, గుడ్డకు అంటని పటిక నీటిలోనే తిరిగి ఖాళీ నేల మీద కూర్చుంది. ఉడికించాక పిందెల చుట్టూ గులాబీ మరకలు మిగిలాయి. అసలు బట్టలను ధారగా పోతున్న నీటి కింద, గుడ్డను ఎప్పుడూ కదుపుతూ కడిగాను.

1. నీరు 32 లీటర్లు, సుద్ద పొడి 32 గ్రా., అలిజరిన్ 11 గ్రా., జాజి ఆకు 250 గ్రా.
2. గోరువెచ్చని నీటిలో గుడ్డ వేసి, నెమ్మదిగా మరిగే దాకా తేవాలి.
3. కర్రతో ఆపకుండా తిప్పాలి. మడత పడి ఉండిపోయిన చోట ఎరుపు పలచబడుతుంది.
4. తీసి, చల్లార్చి, కడిగి, తడుపుతూ ఎండలో ఆరబెట్టాలి. కరక్కాయ పసుపు ఎండకు క్రమంగా తగ్గుతుంది.

ఎరుపు గట్టిదనం చూడటానికి నమూనా సగాన్ని అట్టతో కప్పి ఎండలో ఉంచాను, కప్పిన సగానికీ మిగతాదానికీ తేడా కంటికి తెలియలేదు. తెల్లని గుడ్డతో కలిపి ఉతికితే రంగు అంటలేదు. నలుపు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఇనుము ఎక్కువైన నలుపు కాలక్రమంలో నూలును తినేస్తుంది, పాత అద్దకపు బట్టలలో నల్ల గీతలున్న చోటనే గుడ్డ చిరిగిపోవడం అందుకే. పలుచని ఉత్తరీయానికి తుప్పు నీటిని సమానంగా నీరు కలిపి వాడాను. గీత ముదురు బూడిద రంగులో ఆగింది, దానికి అది చాలు.

మొత్తం: గుడ్డ 1,080 గ్రా., కరక్కాయ 216 గ్రా., జిగురు 350 గ్రా., పటిక 40 గ్రా., బెల్లం 150 గ్రా., సుద్ద 32 గ్రా., అలిజరిన్ 11 గ్రా., జాజి ఆకు 250 గ్రా.

దశ 8: వాడుకలో

దుప్పటి చదునుగా పరుచుకుంటుంది కనుక కన్ను ముందు ఏటవాలు వరుసలను చూసి, ఆ తరువాత పిందెను చూస్తుంది. ఉత్తరీయంలో మడతలు సగం పిందెలను మింగినా, మిగిలిన ఒక్క వంపుతోనే బొమ్మ తెలుస్తుంది. శాలువ కాలం ముగిసిన తరువాత కూడా ఈ బొమ్మ బతకడానికి ఇదొక కారణం కావచ్చు. 1870 నాటి ఫ్రాన్సు–ప్రష్యా యుద్ధంతో కాశ్మీరుకు ఫ్రెంచి గిరాకీ పోయింది, స్త్రీల దుస్తుల తీరు మారి పెద్ద శాలువ వెనుకబడింది. అప్పటికే ఉన్న శాలువలు పియానోల మీదికీ, సోఫాల మీదికీ చేరాయి, పిందె మాత్రం అచ్చు నూలుబట్టల మీద సాగిపోయింది. 1960లలో యువతరం దానిని చొక్కాల మీదికి తెచ్చుకుంది, 1981లో మిలాన్‌కు చెందిన ఎత్రో సంస్థ గృహాలంకరణ బట్టలకు దానినే ఎంచుకుంది.

మిగిలి ఉన్న పని ఒకటి. ఉత్తరీయం రెండు కొసలలోనూ కొనలు ఒకే పక్కకు వంగి ఉన్నాయి, ఎందుకంటే అచ్చును ఎంత తిప్పినా వంపు దిక్కు మారదు. వేసుకున్నప్పుడు రెండు వైపులా పిందెలు ఎదురెదురుగా చూసుకోవాలంటే అద్దంలో బొమ్మలా ఎదురు అచ్చు జత కావాలి. అందుకు మరో రెండు టేకు దిమ్మెలు కోసి ఆరబెట్టాను. ఈసారి కాగితాన్ని తిరగేయకుండా అతికించాలి, వాలు 40 డిగ్రీలే, కానీ రెండవ పక్కకు.